బ్రేకుల్లేని బావగారు

మొన్న రెడ్డిగూడెం కొండదారిలో ఒక బట్టల వర్తకుడు కనిపించాడు. సైకిలు వెనక మూట, మూట వెనక తాడు, తాడు చివర ఆకులతో సహా ఓ మోదుగ కొమ్మ. కొమ్మ నేలమీద ఈడ్చుకుంటూ దుమ్ము లేపుతుంటే ఆయన దర్జాగా కొండ దిగివచ్చాడు. దిగువన ఆగి బీడీ వెలిగించుకుంటుంటే ఉండబట్టలేక అడిగాను.

“ఏంటండీ ఈ తోక?”

“తోక కాదండీ, అల్లుడుకొమ్మ. బ్రేకులు అరిగిపోతే ఇటుపక్క అందరం ఇదే కడతాం. ఎవరో పల్లపు అల్లుడుగారంట, పులి తరుముకొస్తుంటే ఇలా కొమ్మ కట్టుకుని దిగాడంట.”

“పులా?”

“చిరుతో ఏదో లెండి.”

“ఆయనతో ఇంకెవరూ లేరా?”

“ఉన్నారంటండీ, ఎవరో ముగ్గురు. వాళ్ళ సంగతి ఎవరిక్కావాలి?”

ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేను. పులి లేదు. చిరుతా లేదు. ఆ వేళ కొండమీద క్రూరమృగం ఏదైనా తిరిగిందంటే అది నా కుళ్ళే.

ఆ అల్లుడుగారు మా అక్క మొగుడు. కంగారు పడకండి, మనిషి నిక్షేపంగా ఉన్నారు. కొందరు బతికుండగానే కథలైపోతారు. మిగతావాళ్ళం ‘ఎవరో ముగ్గురు’ అవుతాం.

ఆయనది కాలవల కింద పల్లపు ఊరు. మాది నూజివీడుకి కూతవేటు దూరంలో మెట్ట, మామిడితోటలు. వాళ్ళ నేలకి ఎగుడూ లేదు, దిగుడూ లేదు. మనిషీ అంతే. కోపం వచ్చినా తెలిసేది కాదు, సంతోషం కలిగినా తెలిసేది కాదు. ముఖం నీళ్ళు పెట్టిన మడిలా ఎప్పుడూ సమంగా ఉండేది. ఆయన రాకముందు మా ఇంట్లో నవ్వించే ఉద్యోగం నాది. వేరే అర్హతలు లేకపోవడం వల్ల నేను ఆ ఉద్యోగాన్ని కాస్త శ్రద్ధగానే చేసేవాణ్ణి. నేనో జోకు చెప్పేవాణ్ణి. అందరూ నవ్వబోయేవాళ్ళు. ఆయన ముందుకు వంగి, ఎంతో ఆసక్తిగా, “తర్వాత?” అనేవారు. తర్వాతేముంది? ఏమీ లేదు. అప్పుడు నవ్వేవాళ్ళు అందరూ. నా జోకుకి కాదు.

పెళ్ళిలోనే మొదలైంది ఈ గొడవ. అలకపాన్పు వేడుకలో పెళ్ళికొడుకు మూతి ముడుచుకుని కూర్చోవాలి, అత్తింటివాళ్ళు ఏం కావాలో అడిగి, అదిచ్చి బతిమాలుకోవాలి. ఈయన కూర్చున్నారు గానీ అలగడం చేతకాలేదు. వెర్రినవ్వొకటి నవ్వుతూ కూర్చున్నారు.

“అలగవయ్యా బాబూ!” అన్నాడు పురోహితుడు. పాపం ఆయనకి సాయంత్రం ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉంది.

“ఎలా అలగాలండీ?” అనడిగారు, నిజంగానే.

బావమరిదిని కనక నేర్పే బాధ్యత నామీద పడింది. పక్కన చతికిలబడి, గోడవైపు తిరిగి, “ముందు మూతి ఇలా పెట్టాలి. ఎవరు పిలిచినా పలక్కూడదు. బాగా బతిమాలించుకుని, ‘నాకు సైకిలు కావాలి’ అనాలి” అని చేసి చూపించాను. ఏళ్ళ తరబడి నేను మా నాన్న దగ్గర అలుగుతున్న పద్ధతే అది. పందిరంతా నవ్వింది. నేను లేచి నలుగురికీ నమస్కారం కూడా పెట్టాను.

ఆయన శ్రద్ధగా చూశారు. శ్రద్ధగా మూతి ముడిచారు. శ్రద్ధగా, “నాకు సైకిలు కావాలి” అన్నారు.

వియ్యాలవారూ ఊరూ చూస్తుండగా మా నాన్న మాత్రం ఏమంటాడు? “అలాగే నాయనా” అన్నాడు. అడిగింది నా మాటల్లో, నా మూతితో. దక్కింది ఆయనకి.

యుద్ధం అయిపోయినా సైకిళ్ళు ఇంకా సరిగా దొరకని రోజులవి. మా నాన్న ఎవరెవర్ని పట్టుకున్నాడో గానీ, బెజవాడ నుంచి, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిచే బొగ్గుబస్సు నెత్తికెక్కి వచ్చింది ఆ సైకిలు. నల్లగా నిగనిగలాడుతూ, తోలు సీటు, డైనమో లైటు. దించడానికి నేనూ ఓ చెయ్యి వేశాను, పాడెకి భుజం పట్టినట్టు. ఆ తర్వాత దానివంక సూటిగా చూసిన పాపాన పోలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయం.

మరుసటి వేసవిలో కొత్త అల్లుణ్ణి మామిడిపళ్ళకి పిలిచారు. ఆయన మా అక్కని బస్సెక్కించి, తను సైకిలుమీద బయల్దేరి, బస్సు కంటే ముందే చేరారు. అందులో ఆయన గొప్పేం లేదు, అంతా బస్సు గొప్పే. కానీ ఊరు ఊరంతా వచ్చి చూసింది.

పండు తినడం చూడాలి ఆయన. చిన్నరసం పండు రెండు చేతులా మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, కళ్ళు మూసుకుని జుర్రుకునేవారు. టెంక పక్కన పెట్టి, “ఇది ఇందాకటిదానికంటే బావుందండీ” అనేవారు. ఇంకోటి తిని మళ్ళీ అదే మాట. మా నాన్న పండు బావుందని ఎవరన్నా నమ్మే మనిషి కాదు, బేరానికొచ్చావా అన్నట్టు చూస్తాడు. అలాంటివాడు పళ్ళు మగ్గేసిన గడ్డిలో చెయ్యిపెట్టి వెతికి వెతికి ఇంకో పండు తీసి ఆయన చేతిలో పెట్టేవాడు.

“ఆ లెక్కన బావగారు పుట్టాక తిన్న మొదటి పండు విషమై ఉండాలి” అన్నాను నేను.

“తర్వాత?” అన్నారాయన.

పైగా వినయం ఒకటి. సైకిలుమీద వెళ్తూ మునసబుగారు కనిపిస్తే దూరాన్నే దిగి, నడిపించుకుంటూ వెళ్ళేవారు. మునసబుగారి ఆవు కనిపించినా దిగేవారు. గొర్రెలమంద వస్తే దిగేవారు, దారికడ్డంగా కుక్క పడుకున్నా దిగేవారు. “మర్యాదంటే ఆ అబ్బాయిది. పశువుని కూడా గౌరవిస్తాడు” అని ఊళ్ళో చెప్పుకున్నారు. మా నాన్న ఆ మాట నాకు వినపడేలా రోజూ ఒకసారి అనేవాడు. మునసబుగారికి నేను కూడా దిగి చూశాను. “ఏరా, పంక్చరా?” అన్నాడాయన.

ఇక లాభం లేదని ఒక సాయంత్రం వసారాలో కదిలించాను.

“బావగారూ, ఆదివారం అమ్మా అక్కా బండిలో రెడ్డిగూడెం పెద్దమ్మగారింటికి వెళ్తున్నారు కదా, మనం కొండదారిన సైకిళ్ళమీద వెళ్దామా?”

“కొండంటే ఎంత ఉంటుందేంటి?”

“మీ కాలవగట్టు కంటే కాస్త ఎత్తు.”

“సరే, వెళ్దాం.”

“ఊరికే కాదు, పందెం. భోజనాలకి విస్తళ్ళు వేసేలోగా మీరూ మీ సైకిలూ కలిసి పెద్దమ్మ గుమ్మం చేరాలి. బండిమీద వేసుకోకూడదు, వెనక్కి తిరక్కూడదు. చేరలేకపోతే సైకిలు నాది.”

“చేరితే?”

అది నేను ఆలోచించలేదు. గదిలో పళ్ళు ఏరుతున్న మా అక్క ఆలోచించింది. “చేరితే, మళ్ళీ మనింటికొచ్చేదాకా వీడు నోరు విప్పకూడదు” అంది లోపల్నుంచే.

ఇంట్లో అందరూ ఆ షరతుకి సంతోషించిన తీరు నాకు నచ్చలేదు.

ఆదివారం తెల్లారకముందే నలుగురం బయల్దేరాం. మూడోవాడు మా పక్కతోట వాళ్ళ సుబ్బారావు. వాడు సైకిలెక్కితే సైకిలుమీద జాలేసేది. నాలుగోవాడు మా తోటలో కాయ కోసే కోటయ్య. పెద్దమ్మకి పంపే పళ్ళగంపతో, అద్దెసైకిలుమీద. పందానికి సాక్షి కూడా అతనే. నాది మా నాన్న వాడి వదిలేసిన సైకిలు. ఎక్కితే మూలిగేది, దిగితే నిట్టూర్చేది.

తోటలు దాటి మొదటి ఎత్తు రాగానే బావగారు దిగిపోయారు.

“అదేంటండీ, అప్పుడే దిగారు?” అన్నాను.

“పెద్దది కదా” అన్నారు, కొండకేసి చూస్తూ.

సుబ్బారావు పకపకా నవ్వి వాడూ దిగాడు. కోటయ్యా దిగాడు. నేను దిగలేదు. ఈ కొండ నా చిన్నప్పట్నుంచీ తెలిసిన కొండ. మొదటి మలుపు నిలబడి తొక్కాను. రెండో మలుపుకి ముందుచక్రం రాళ్ళలో ఎటు కావాలంటే అటు పోతోంది, నేను వద్దన్నది వినడం లేదు. తర్వాత ఎత్తులో నా ఊపిరి నాకే వేరెవరిదోలా వినిపించింది. తొడలు మండిపోతున్నాయి, చెమట కళ్ళలోకి దిగి దారి కనపడ్డం లేదు, సైకిలు నడక కంటే నెమ్మదిగా పోతోంది. అయినా కాలు కింద పెట్టలేదు. ఆ కొండని అలా ఎవరైనా తొక్కారని అంతవరకు నేను వినలేదు. ఇప్పటికీ వినలేదు. దానికి కారణం ఉంది. అప్పుడు అక్కడ చూసేవాడు లేడు.

పైకి చేరి కాసేపు నేలమీద పడి బతికాను. తర్వాత వాళ్ళు వచ్చేసరికి తీరిగ్గా కనపడాలని ఒక రాయిమీద కాలు పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, దూరంగా చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు రాలేదు. కాలు తిమ్మిరెక్కితే మార్చాను. రాలేదు. కూర్చున్నాను. నవ్వులు వినిపిస్తే మళ్ళీ లేచి, మళ్ళీ కాలు రాయిమీద పెట్టి, మళ్ళీ దూరంగా చూశాను.

సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారు, నవ్వుకుంటూ. సుబ్బారావు అయితే కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేనెప్పుడొచ్చానని ఒక్కడడగలేదు.

“ఏంట్రా అంత నవ్వు?”

“ఏం లేదురా. బావగారు ఏదో అన్నారు.”

“ఏమన్నారు?”

“ఏమీ అన్లేదు బాబూ, ఊరికే అలా అన్నారంతే” అన్నాడు కోటయ్య, మళ్ళీ నవ్వుతూ.

పొద్దు బాగా ఎక్కింది. ఇక అవతలి దిగుడు. కొండ నిటారుగా దిగి, రెండు మెలికలు తిరిగి, రెడ్డిగూడెం బస్సుదారిలో కలుస్తుంది. సుబ్బారావు దిగుడు చూసి బ్రేకులు నొక్కి చూసుకున్నాడు. నేనూ నొక్కి చూసుకున్నాను. కోటయ్యా చూసుకున్నాడు. బావగారు నొక్కలేదు. నేను అప్పుడు, పెళ్ళయినప్పట్నుంచీ మొట్టమొదటిసారి, ఆ సైకిలువంక సూటిగా చూశాను.

“బావగారూ, బ్రేకులేవీ?”

“తీసేశాను. మా ఊళ్ళో వాటితో పనేముంది?”

“మరి ఆపాలంటే?”

“తొక్కడం మానేస్తాను. అదే ఆగుతుంది.”

మేం ముగ్గురం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. మునసబుగారూ, ఆవూ, గొర్రెలూ, కుక్కా నా కళ్ళముందు వరసగా నడిచి వెళ్ళాయి. మా ఊరంతా ముక్కున వేలేసుకుని మెచ్చుకున్న వినయం అదీ! బ్రేకుల్లేని మనిషి అడ్డమొచ్చిన ప్రతిదానికీ ముందుగా దిగిపోక ఏంచేస్తాడు?

“ఆ బ్రేకు కడ్డీలు ఏంచేశారు?” అన్నాను.

“మీ అక్క ఉట్టికి కొక్కేలు కావాలంది. వంచి ఇచ్చాను. పెరుగుకుండ పిల్లికి అందట్లేదు ఇప్పుడు.”

నా సైకిలు బ్రేకులకి వేలాడుతూ పెరుగుకుండ! కానీ బాధపడే సమయం కాదది. నడిపించుకుంటూ దిగితే భోజనాల వేళకి సగం దారిలో ఉంటారు. తొక్కుతూ దిగితే రెడ్డిగూడెంలో కాదు, లోయలో దొరుకుతారు. ఎటు చూసినా సైకిలు నాదే. నేను బాధ్యతగల బావమరిదినై, “వద్దు బావగారూ, ప్రాణం ముఖ్యం. సైకిలుదేముంది, ఎవరి దగ్గరుంటే ఏం” అన్నాను.

ఆయన మడికి నీళ్ళు పెట్టే ముందు చూసినట్టు దిగుడంతా ఓసారి చూశారు.

“కోటయ్యా, కత్తుందా?”

“ఉందండీ.”

“దమ్ము చేసిన మడిలో చదునుకి ఎద్దుల వెనక బల్ల కట్టి తోల్తాం. బల్లమీద మనిషి నిలబడితే ఎద్దులు పరిగెత్తమన్నా పరిగెత్తవు. ఆ మోదుగ కొట్టు. పెద్ద కొమ్మే కొట్టు.”

గంపకి కట్టిన తాడు విప్పారు. గంప తెచ్చి నా హ్యాండిలుకి తగిలించారు. తాడుతో కొమ్మని సైకిలు వెనక కట్టి, ఆయన పంచె ఎగ్గట్టి, సీటుమీద నిటారుగా కూర్చుని, “వస్తా” అన్నారు.

తర్వాత జరిగింది నేను సరిగా చూళ్ళేదు. దుమ్ము. కొమ్మ మొత్తం దారిని ఊడ్చుకుంటూ పోయింది. వెనక మేం ముగ్గురం ఆ దుమ్ము తింటూ, దగ్గుతూ, పళ్ళగంప మోకాళ్ళకి కొట్టుకుంటుంటే బ్రేకులు నొక్కి నొక్కి దిగాం. దారి ఇరుకు, దాటిపోవడానికి లేదు. మధ్యమధ్యలో దుమ్ములోంచి బెల్లు మాత్రం వినిపించింది, తాపీగా. కింద బస్సుకోసం కూర్చున్నవాళ్ళు ఆ మేఘం చూసి, బొగ్గుబస్సు వేళకే వస్తోందని ఆశ్చర్యపడుతూ మూటలు సర్దుకుని లేచి నిలబడ్డారు. మేఘంలోంచి మా బావగారు బయటికొచ్చి, తొక్కడం మానేశారు. సైకిలు ఆగింది. ఆయన దిగి వాళ్ళకి నమస్కారం పెట్టారు.

పెద్దమ్మ గుమ్మం ఎక్కేసరికి విస్తళ్ళు ఇంకా కడుగుతున్నారు.

“గెలిచారండీ అల్లుడుగారు” అన్నాడు సాక్షి. నేను నోరు మూశాను.

మూసుకోవడం ఒక ఎత్తు, మూసుకున్నట్టు ఎవరికీ చెప్పలేకపోవడం ఒక ఎత్తు. పెద్దమ్మ నన్ను చూసి, “ఏరా, ఎలా ఉన్నావు?” అంది. నవ్వాను. “ఏంట్రా, అలా పళ్ళికిలిస్తావు? వీడికేదో అయిందే! వాగకుండా నిమిషం ఉండే ఘటమా వీడు? ఎండదెబ్బ తగిలిందేమో” అని నుదురు పట్టుకుని చూసింది. పందెం సంగతి తెలిసి కూడా మా అమ్మ దిష్టి అంది. శొంఠి కషాయం వచ్చింది. నేను బావగారి వంక చూశాను, చెప్పండి మహానుభావా అన్నట్టు.

“కొంచెం మిరియాలు కూడా వేస్తే మంచిదండీ” అన్నారాయన.

మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

భోజనాల దగ్గర గంప విప్పితే సగం పళ్ళు చితికి రసం కారుతోంది. నా మోకాళ్ళు చేసిన పని. ఆ క్షణంలో నాకో మాట తట్టింది. అద్భుతమైన మాట. తుమ్ము ఆపుకున్నట్టు ఆపుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి పెద్దమ్మ ఇంకో గ్లాసు కషాయం పోసింది. ఇంతలో సుబ్బారావు, జన్మలో జోకు వెయ్యని సుబ్బారావు, “పోన్లెండి పెద్దమ్మగారూ, పిండే శ్రమ తప్పింది” అన్నాడు. వసారా దద్దరిల్లిపోయింది. అది నా మాట. నా కళ్ళముందే ఇంకొకడి నోటినుంచి వెళ్ళిపోయింది.

బావగారు చితికిన పండొకటి తిని, “ఇది ఇందాకటిదానికంటే బావుందండీ” అన్నారు. పెద్దమ్మ కరిగిపోయింది. అల్లుడంటే ఇలా ఉండాలంది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి కొమ్మకట్టిన అల్లుడు ఎవరంటూ చూసిపోయారు. అందరికీ ఆయన ఒకటే చెప్పారు: “నేనేం చేశానండీ, కూర్చున్నాను. దిగింది కొమ్మే.” ఆ కొండని కాలు కింద పెట్టకుండా తొక్కినవాడు మూల కూర్చుని మిరియాలు మింగుతున్నాడు. ఆ సంగతి చెప్పాల్సిన నోరు ఒక్కటే, అది తాళం వేసి ఉంది.

సాయంత్రం తిరుగు ప్రయాణం. ఆడవాళ్ళు రాత్రికి అక్కడే ఉండిపోయారు. ఈసారి ఎత్తు నేనూ నడిచే ఎక్కాను, మాట్లాడకుండా తొక్కడానికి ఉత్సాహం ఎక్కడుంటుంది? పైకి చేరేసరికి పొద్దు వాలుతోంది. కింద మా తోటలు, తోటల వెనక మా ఊరి పొగలు. ఇంకొక్క దిగుడు దిగితే నా నోరు నాది.

బావగారు ఆగారు.

“అబ్బాయ్, కొత్త సైకిలు కావాలని నువ్వు ఏళ్ళ తరబడి అడుగుతున్నావట. మీ అక్క ఇందాక చెప్పింది. ఆవేళ పెళ్ళిలో నువ్వు తమాషాకి అంటున్నావనుకున్నాను. తెలిసుంటే గడియారమో ఏదో అడిగేవాణ్ణి కదా. ఇది నీకు కావాలా?”

నేను తల ఊపాను. మెడ ఊడిపోయేలా ఊపాను.

“తల ఊపితే ఎలా? అడగాలి. కావాలంటే కావాలని చెప్పు, ఇప్పుడే తీసుకో. మీ నాన్నగారికి నేను చెప్తాను.”

“మాట్లాడాడంటే ఓడిపోయినట్టేనండోయ్!” అని సుబ్బారావు గంతేశాడు. “ఇంటికెళ్ళేదాకా అన్నారు. పొద్దున్నుంచి బిగబట్టి ఇక్కడ జారాడంటే, చచ్చేదాకా ఏడిపిస్తాను వీణ్ణి.”

ఆయన ముఖం చూశాను. వేళాకోళమా, ప్రేమా? నీళ్ళు పెట్టిన మడి. ఏం తెలుస్తుంది? నోరు విప్పకపోతే ఈ మనిషిని ఒక్క విషయంలోనైనా గెలిచినవాణ్ణవుతాను. రెండు గ్లాసుల కషాయానికి, మింగేసిన మాటకి ఒక అర్థం ఉంటుంది. విప్పితే డైనమో లైటు, తోలు సీటు. చల్లగాలి వేసింది. కోటయ్య కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

“కావాలి” అన్నాను.

సుబ్బారావు నేలమీద పడి దొర్లాడు. కొండ కూడా “కావాలి, కావాలి” అని నన్ను వెక్కిరించింది. బావగారు మాత్రం నవ్వలేదు. కొత్త సైకిలు హ్యాండిలు నా చేతిలో పెట్టి, నా చేతిలోంచి పాతది తీసుకుని, పంచె ఎగ్గట్టి ఎక్కారు. అది మూలిగింది. ఓసారి బ్రేకు నొక్కి చూసి, “బావుందే ఇది!” అన్నారు, చిన్నపిల్లాడిలా. దిగుడులోకి దూకారు. సుబ్బారావు కేకలు పెడుతూ ఆయన వెనకే పోయాడు.

“కొమ్మ కొట్టమంటారా బాబూ?” అన్నాడు కోటయ్య.

“అక్కర్లేదు” అన్నాను.

అంత అందమైన సైకిలుకి తోక కట్టి ఆయన శిష్యుడిలా ఊళ్ళోకి దిగనా? నడిపించుకుంటూనే బయల్దేరాను. తోలు సీటు నిగనిగలాడుతోంది, చక్రాలు చప్పుడే చేయడం లేదు, ప్రతి అడుక్కీ అది నన్ను కిందికి లాగుతుంటే మడమలు తన్నిపెట్టి ఆపుకుంటున్నాను. కింద మలుపులో ఆయన కనిపించారు. కాళ్ళు పెడల్స్ మీంచి తీసేసి బార్లా చాపి, తువ్వాలు జెండాలా ఎగురుతుంటే, ఒక వంపులో నొక్కి, ఒక వంపులో వదిలి, గాలిలా పోతున్నారు. నా కొత్త సైకిలుని గట్టిగా పట్టుకుని నిలబడి, నా పాత సైకిలుమీద పోతున్న ఆ మనిషిని చూసి, అంతకుముందెప్పుడూ కుళ్ళనంతగా కుళ్ళుకున్నాను.